షుగరున్న ఇంటికి పిల్లనిస్తాం



రావివలసలో వైద్యం గురించి మాట్లాడేవాడు సుషేణుణ్ణి తలవకుండా మొదలుపెట్టకూడదు. లంకలో లక్ష్మణుడు పడిపోతే మందు చెప్పిన ఆ వైద్యుడు యుద్ధం తరవాత ఇక్కడికొచ్చి తపస్సు చేసి, ఇక్కడే దేహం చాలించాడని మన స్థలపురాణం. పైకప్పు లేకుండా ఎండలో నిలబడ్డ మల్లన్నకు జబ్బు నయం కావాలని మొక్కుకునేవాళ్లు ఇప్పటికీ వస్తున్నారు. వాళ్లలో షుగరు తగ్గాలని నలుగురికీ వినబడేలా మొక్కేవాళ్లుంటారు. ఇంట్లో కూతురి మనసు కుదురుగా లేదని పెదవి కదపకుండా మొక్కేవాళ్లూ ఉంటారు. ఇవాళ ఆ ఇద్దరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి మాట్లాడతాను. ఆ రెండు జబ్బులకూ చుట్టరికం ఉంది.

ముందు మన పెళ్లి సంబంధాల సంగతి. అబ్బాయి తండ్రికి షుగరని తెలిస్తే "ఈ రోజుల్లో ఎవరికి లేదు లెండి" అని తాంబూలాలు పుచ్చుకుంటాం. అబ్బాయి మేనత్తకి ఎప్పుడో మతి చెదిరిందని తెలిస్తే, ఆ కబురు మోసుకొచ్చినవాడు కాఫీ తాగి లేచేలోపే సంబంధం తప్పిపోతుంది. ఇంకొందరికి అది జబ్బు కూడా కాదు, చిల్లంగి. మరి లెక్కలేం చెబుతున్నాయి? తల్లికో తండ్రికో స్కిజోఫ్రీనియా ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం నూటికి పది దరిదాపు. ఎవరికీ లేని ఇంట్లో నూటికి ఒకటి. అదే తల్లిదండ్రుల్లో ఒకరికి షుగరుంటే బిడ్డకు జీవితకాలంలో వచ్చే అవకాశం నూటికి నలభై దాకా, ఇద్దరికీ ఉంటే డెబ్భై దాకా ఉంటుంది. వంశాన్ని చూసి భయపడాలంటే ఏ ఇంటికి భయపడాలో మీరే చెప్పండి. ఎవరింటికీ భయపడమనడం లేదు. షుగరును క్షమించినంత సులువుగా మనసును క్షమించలేకపోతున్నాం, అదీ నా ఫిర్యాదు.

ఈ చుట్టరికం డాక్టర్ల కంట పడి చాలా కాలమైంది. 17వ శతాబ్దంలో ఇంగ్లండులో థామస్ విల్లిస్ అనే వైద్యుడు, ఎడతెగని దిగులు మధుమేహానికి కారణమవుతుందని రాశాడు. 1879లో హెన్రీ మాడ్స్‌లీ, పిచ్చి ఉన్న కుటుంబాల్లో మధుమేహం కూడా తరచు కనబడుతుందని గమనించాడు. అప్పటికి జన్యువు అనే మాటే పుట్టలేదు. స్కిజోఫ్రీనియాకు పనికొచ్చిన తొలి మందు క్లోర్‌ప్రోమజీన్ వచ్చింది 1952లో. ఇది ఎందుకు గుర్తుపెట్టుకోవాలంటే, స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లకు షుగరొస్తే "మందుల వల్లే" అని అందరం అనేస్తాం. మందుల పాత్ర ఉంది, దాని దగ్గరికి వస్తాను. కానీ మందులు పుట్టకముందే ఈ రోగుల రక్తంలో చక్కెర తేడాగా ఉండటం చూశారు. మొదటిసారి జబ్బు బయటపడి, ఇంకా ఒక్క మాత్రా మింగనివాళ్లలో కూడా ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం ఈ మధ్య పరిశోధనల్లోనూ కనిపించింది.

ఇక జన్యువులు. షుగరు జన్యువంటూ ఒకటి, డిప్రెషన్ జన్యువంటూ ఒకటి ఉండవు. వందల చోట్ల చిన్న చిన్న తేడాలుంటాయి, ఒక్కొక్కటి రవ్వంత తోస్తుంది. ఆ తేడాలు పనిచేసే చోటు చూడండి. ఒంటి బరువును పెంచే జన్యువులు పొట్టలోనో కొవ్వులోనో పనిచేస్తాయనుకుంటాం. తీరా చూస్తే వాటిలో చాలా మటుకు మెదడులో పనిచేసేవే. ఎంసీ4ఆర్ అనే జన్యువు మెదడు అడుగున హైపోథాలమస్‌లో కూర్చుని, చాలు ఇక తినకు అని చెబుతుంది. మనోవ్యాధి మందులకు బాగా లావెక్కేవాళ్లలో ఆ జన్యువు దగ్గరే తేడాలున్నాయని 2012లో తేలింది. అందుకే "నోరు కట్టేసుకోలేవా" అని లావుపాటి పిల్లని తిట్టడం, "మనసు గట్టి చేసుకోలేవా" అని దిగులుపడ్డవాణ్ణి తిట్టడం నాకు ఒకలాగే వినిపిస్తాయి. ఒక చెరువు కింద రెండు కాలవలుంటే, నీరు తగ్గినప్పుడు ఎవరి చేను ఎండిందో చూసి రైతుని తప్పుపట్టం కదా.

దీనికి అందరికంటే గట్టి సాక్ష్యం మన ఊళ్లలో అంతగా వినబడని జబ్బు దగ్గర దొరికింది. అనొరెక్సియా నెర్వోసా. ఎక్కువగా ఆడపిల్లలు, ఎముకలు తేలినా లావుగా ఉన్నామని తిండి మానేస్తారు. ఇది కేవలం మనసుకు పట్టిన జబ్బని దశాబ్దాలుగా నమ్మారు. 2019లో 16,992 మంది రోగుల జన్యువులను, జబ్బులేని 55,525 మందితో పోల్చి చూశారు. క్రోమోజోముల మీద ఎనిమిది చోట్లు బయటపడ్డాయి. దిగులుకు, అదే పనిగా చేతులు కడుక్కునే జబ్బుకు, స్కిజోఫ్రీనియాకు తోసే తేడాలతో ఈ జబ్బు కలిసింది. అంతవరకు అనుకున్నదే. షుగరుకు, బరువుకు, ఇన్సులిన్‌కు సంబంధించిన తేడాలతోనూ కలిసింది, కాకపోతే తలకిందులుగా: షుగరు రాకుండా కాపాడే వైపు. ఇది సగం మనసు జబ్బు, సగం ఒంటి రసాయనాల జబ్బు అని ఆ పరిశోధకులు తేల్చారు.

తలకిందులు అన్నాను కాబట్టి పదహారో క్రోమోజోము కథ కూడా చెప్పాలి. దాని పొట్టి చేతి మీద ముప్పై దాకా జన్యువులున్న ఒక ముక్క ఉంది. కొందరు పిల్లలు ఆ ముక్క ఒకటి తక్కువగా పుడతారు. వాళ్లలో చాలామంది విపరీతంగా లావెక్కుతారు, మాట ఆలస్యమవుతుంది, ఆటిజం రావచ్చు. ఇంకొందరు అదే ముక్క ఒకటి ఎక్కువగా పుడతారు. వాళ్లు బక్కపలచగా ఉండే అవకాశం ఎక్కువ, స్కిజోఫ్రీనియా వచ్చే ప్రమాదమూ ఎక్కువ. బరువు, బుద్ధి రెండూ ఒకే ముక్క చేతిలో ఉన్నాయన్నమాట. ఇది అరుదు. కానీ మనసు వేరు, ఒళ్లు వేరు అనే వాదనకు ఇంతకంటే మంచి జవాబు నాకు తెలీదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి, ఎందుకంటే పేపర్లలో ఈ సంగతి తేలిగ్గా రాసేస్తారు. జన్యువుల చుట్టరికం అన్నిటికీ ఒకేలా లేదు. దిగులుకు షుగరుతో, కుదురులేని పిల్లల జబ్బు ఏడీహెచ్‌డీకి లావుతో గట్టి చుట్టరికమే. స్కిజోఫ్రీనియాకు అలా కాదు. ఆ జబ్బుకు తోసే సాధారణ జన్యు తేడాలన్నీ కలిపి చూస్తే కొంచెం బరువు తగ్గే వైపే మొగ్గుతాయి. షుగరుతో నికరమైన పొత్తు దాదాపు లేదు. ఉమ్మడి చోట్లు చాలానే ఉన్నాయి, కానీ కొన్ని ఇటు లాగితే కొన్ని అటు లాగుతాయి. అయినా ఆ రోగుల్లో షుగరు మామూలు జనం కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. ఆయుష్షు పది నుంచి ఇరవై ఏళ్లు తక్కువ, అందులో ఎక్కువ చావులు గుండెజబ్బు లాంటి ఒంటి జబ్బుల వల్లే. జన్యువులు అంత పని చేయలేదంటే మరెవరు చేశారు? ఒలాంజపిన్, క్లోజపిన్ లాంటి మందులు కొంత. బీడీలు కొంత. ఉద్యోగం లేక, ఎవరూ పిలవక, గదిలో పడి ఉండటం కొంత. మిగతాది మా వైద్యుల వాటా: మనోవ్యాధి ఉన్న మనిషి ఛాతీనొప్పి అంటే నమ్మం.

పుట్టకముందు పడిన ఆకలి కూడా ఉంది. 1944-45 చలికాలంలో జర్మన్లు ఆహారం రానీయక హాలండులో కరువొచ్చింది. ఆ కరువు ముదిరినప్పుడు కడుపున పడ్డ పిల్లల్లో స్కిజోఫ్రీనియా రెట్టింపయింది. కరువు కాలంలో తల్లి కడుపులో ఉన్నవాళ్లకు పెద్దయ్యాక రక్తంలో చక్కెర అదుపు తప్పింది. కరువు మనకూ కొత్త కాదు. మనం 1936 దాకా గంజాం జిల్లావాళ్లం. 1866 కరువు గంజాన్ని ఏం చేసిందో పెద్దలు కథలుగా చెప్పేవాళ్లు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజాము మాత్రం కథ కాదు, ఇక్కడున్న అందరికీ గుర్తే. తిత్లీ తుఫాను వచ్చి జీడి, కొబ్బరి తోటల్ని పడుకోబెట్టింది. పాతికేళ్లు పెంచిన కొబ్బరిచెట్టు పోయిన రైతుకి నిద్ర పట్టకపోవడానికి జన్యువు అక్కర్లేదు. అలా నిద్ర కరువైన ఒంట్లో షుగరు పెరుగుతుంది, అది మాత్రం శరీరధర్మం.

మన జన్యువుల సంగతి ఎంతవరకు తెలుసని మాస్టారొకరు ఇందాక అడిగారు. షుగరు మీద కొంత తెలుసు. హైదరాబాదు సీసీఎంబీ పరిశోధన సంస్థలో గిరిరాజ్ చాందక్ బృందం, పుణే డాక్టర్ యాజ్ఞిక్‌తో కలిసి, టీసీఎఫ్7ఎల్2 అనే జన్యువు మనవాళ్లలోనూ షుగరుకు తోస్తుందని 2007లో చూపించింది. తెల్లవాళ్లలో ఒంటి బరువు పెంచి షుగరు తెచ్చే జన్యువు ఎఫ్‌టీఓ, మనవాళ్లలో బరువుతో అంత నిమిత్తం లేకుండానే షుగరు తెస్తోందని 2009లో తేలింది. సన్నగా కనబడే మనవాళ్లకి షుగరేమిటని విస్తుపోతాం కదా, దానికీ దీనికీ సంబంధముంది. మనోవ్యాధుల మీద మాత్రం లెక్కల్లో అత్యధికం యూరప్ సంతతివే. ప్రపంచ జన్యు పటంలో తెలుగువాళ్లుగా మొదట ఎక్కిన వందమంది కూడా ఇంగ్లండులో ఉంటున్న మనవాళ్లే. పదివేలమంది భారతీయుల జన్యుపటం పూర్తిచేసి 2025 జనవరిలో పరిశోధకులకు తెరిచారు. అక్కణ్ణుంచి మొదలుపెట్టాలి. అందుకని ఎవరైనా మీ లాలాజలం తీసుకుని, మీ అబ్బాయికి డిప్రెషన్ వస్తుందో రాదో చెబుతామంటే డబ్బులివ్వకండి. మేనరికాల గురించి కూడా అడుగుతారని తెలుసు. మేనరికం అరుదైన కొన్ని జబ్బుల్ని పెంచుతుంది, నిజం. షుగరుకి, దిగులుకి అదొక్కటే కారణమని చెప్పడం అబద్ధం.

ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ముందు వరసలో ఉన్నారు. ఈ చివరి మాటలు మీకే తల్లీ. షుగరు కార్డు రాసేటప్పుడు నిద్ర పడుతోందా, దేనిమీదైనా ఇష్టం ఉందా అని రెండు ప్రశ్నలు అడగండి. షుగరున్నవాళ్లలో దిగులు మామూలుకంటే దాదాపు రెట్టింపు. జవాబు తేడాగా ఉంటే 14416కి ఫోన్ చేయించండి, అది మనసు బాధలకు సాయం చేసే లైను, ఆ టెలిమానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు. విశాఖ మానసిక వైద్యశాల నుంచి మందులు తెచ్చుకునేవాళ్లకి నడుము చుట్టుకొలత, పరగడుపు షుగరు చూడండి. వాళ్ల మందు మాత్రం మీరు ఆపకండి. లావవుతున్నారని మందు మానేసి మళ్లీ జబ్బు తిరగబెట్టించుకున్నవాళ్లని చాలామందిని చూశాను.

మన ఉద్దానానికి ప్రత్యేకంగా ఒకటుంది. కిడ్నీ జబ్బు మనకి ఇంటింటి మాట, పలాసలో దానికోసం పెద్దాసుపత్రే వచ్చింది. బైపోలార్‌కు వాడే లిథియం దాదాపు పూర్తిగా కిడ్నీల ద్వారానే బయటికి పోవాలి. షుగరుకు, మనోవ్యాధి మందుల వల్ల వచ్చే లావుకు కూడా వాడే మెట్‌ఫార్మిన్‌ను కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకి ఇవ్వకూడదు. కనుక కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మనిషికి ఈ రెండు మందుల్లో ఏది మొదలుపెట్టినా ముందు క్రియాటినిన్ చూడాలి, తరవాతా చూస్తుండాలి. లిథియం వాడే మనిషి మే నెలలో జీడితోటలో చెమటోడ్చి నీళ్లు తక్కువ తాగినా, ఒళ్లునొప్పులని మందుల షాపులో నొప్పి మాత్రలు కొనుక్కున్నా, రక్తంలో లిథియం విషం స్థాయికి వెళ్లొచ్చు. చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, తూలడం, మాట ముద్దగా రావడం కనబడితే దెయ్యం పట్టిందనో తాగాడనో అనుకోకుండా, ఇక్కడ మాత్రం ఆ పూట లిథియం మాత్ర వేయకుండా నేరుగా టెక్కలి ఆసుపత్రికి తీసుకెళ్లండి. మందు చీటీ కూడా పట్టుకెళ్లండి.