వికలాంగుల వసతి గృహం - మన అమానత్

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సంవత్సరం మన సంఘం సొమ్ములో కొంత వికలాంగుల వసతి గృహాలకు ఇవ్వాలని సభ్యులు కొందరు సూచించారు. చాలా మంచి ఆలోచన. అయితే ఇచ్చే ముందు మనం చూడవలసినవీ, అడగవలసినవీ కొన్ని వున్నాయి. వాటిని గూర్చి నాలుగు మాటలు మనవి చేసుకుంటాము.

మేము ఉర్దూ పాఠశాలలో పిల్లలకు రెండు మాటల తేడా చెబుతుంటాము. ఖైరాత్ అంటే దానం. ఇచ్చినాక మరచిపోవచ్చు. అమానత్ అంటే ఒకరు నమ్మి మన దగ్గర దాచుకున్నది. దానికి లెక్క చెప్పాలి. వసతి గృహంలో కన్నవాళ్ళు వదలి వచ్చిన బిడ్డ అమానత్. మనమిచ్చే రూపాయి ఖైరాత్ కావచ్చు గాని, అక్కడ వున్న మనిషి ఖైరాత్ కాదు.

ఏలూరులో గాని, తాడేపల్లిగూడెంలో గాని, కొల్లేటి లంకల్లో గాని కన్నబిడ్డను సరదాకు ఎవరూ బయట వదలరు. తండ్రి చేపల చెరువు కాపలాకు పోవాలి, తల్లి ఉల్లిపాయల మార్కెట్లో కూలికి పోవాలి. ముప్పై యేళ్ళ కొడుకును లేపి, కడిగి, అన్నం తినిపించే సత్తువ అరవై యేళ్ళ తల్లికి ఎక్కడిది? "మేం పోయాక వీడి గతేమిటి?" అన్నదే వాళ్ళ దిగులు. అలాంటి వారికి పది పన్నెండు మంది వుండే చిన్న గృహం పెద్ద ఆసరా. చిన్నది కనుక అక్కడ పేరు పెట్టి పిలుస్తారు. చిన్నది కనుకనే లోపల జరిగేది బయటికి తెలియదు కూడా.

ఎర్వాడి పేరు మనవాళ్ళు మరచిపోగూడదు. తమిళనాడులో రామనాథపురం జిల్లాలోని ఆ దర్గా వూరికి, నయమవుతుందని నమ్మి, మతిస్థిమితం లేనివారిని తీసుకుపోయేవారు. చుట్టూ ప్రైవేటు గృహాలు వెలిశాయి. 2001 ఆగస్టు 6వ తేదీ తెల్లవారుజామున ఒక గృహపు పాకకు నిప్పంటుకుంది. లోపలివారిని గొలుసులతో కట్టి వుంచారు. 28 మంది చనిపోయారు. వారి ఇంటివారు కూడా నమ్మి వదలినవాళ్ళే. నమ్మకంతో పాటు అడిగే నోరు కూడా వుండాలని ఎర్వాడి చెబుతున్నది.

ఆ తరువాత చట్టాలు వచ్చాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా ఇలాంటి గృహం నడపరాదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం గొలుసులు వేయడాన్ని నిషేధించింది. కనుక ముందు సర్టిఫికెట్ అడగాలి. కాని గోడకు తగిలించిన సర్టిఫికెట్ చూసి తిరిగి వస్తే చాలదు.

దాత వస్తున్నాడని తెలిస్తే ఏ గృహమైనా ఆ పూట అద్దంలా వుంటుంది. చెప్పకుండా, దీపాలు పెట్టే వేళ వెళ్ళాలి. మరుగుదొడ్డి చూడాలి: పట్టుకొని లేవడానికి గోడకు కమ్మీ వున్నదా? ఆడపిల్లల గదికి గొళ్ళెం లోపల వున్నదా, బయట వున్నదా? మంచం పట్టినవారి నడుము, మడమలు ఎట్లా వున్నాయి? రెండేసి గంటలకు పక్కకు తిప్పకపోతే పుండ్లు పడతాయి. ఆ పుండే రాత్రి సంగతి చెబుతుంది. అన్నం కూర్చోబెట్టి పెడుతున్నారా? పడుకోబెట్టి తినిపిస్తే మెతుకు వూపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి వస్తుంది. మూర్ఛ మాత్రలు పూటపూటకూ ఇచ్చినట్లు పుస్తకంలో రాస్తున్నారా? 2020 డిసెంబరులో మన ఏలూరులో వందలమంది వున్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోయారు. నోరున్నవాళ్ళం తల తిరుగుతోందని చెప్పుకోగలిగాము. చెప్పుకోలేని బిడ్డకు, నిన్న ఎట్లా వున్నాడో రాసిన ఆ పుస్తకమే నోరు.

డబ్బు సంగతి కూడా మొగమాటం లేకుండా అడగాలి. 2024 జూలై నుంచి మన రాష్ట్రంలో వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు, మంచానికే పరిమితమైన వారికి 15,000 అయింది. అది ఎవరి చేతికి పోతున్నది? ఎవరి మీద ఖర్చవుతున్నది? అది వారి సొమ్ము.

వరద మాట సరేసరి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఆ నీరు కొల్లేటికి దిగినప్పుడు లంక గ్రామాల దారులు మునిగాయి. నడవలేని పన్నెండు మందిని ఏ బండిలో, ఎక్కడికి చేరుస్తారో ముందే రాసి పెట్టుకోవాలి.

లోపాలు కనబడితే ఆయాను తిట్టి లాభం లేదు. రాత్రంతా పన్నెండు మందికి ఒక్క మనిషిని పెడితే ఆమె ఎంత మంచిదైనా ఏం చేయగలదు? జకాత్ ఎక్కడ చెల్లుతుందో ఉలమాలు చెబుతారు. సదఖా సొమ్ము మాత్రం శిలాఫలకానికి గాక, రాత్రిపూట రెండో ఆయా జీతానికి పోవాలని మా మనవి.

ఇంకొక మాట. హజ్రత్ అబ్దుల్లా ఇబ్న్ ఉమ్మె మక్తూమ్ (రజి.) వారు అంధులు. సూరా అబస వారి సందర్భంలోనే అవతరించిందని మన ఇండ్లలో పిల్లలకు కూడా తెలుసు. మదీనాలో వారు అజాన్ ఇచ్చేవారు. వారికి అన్నం పెట్టడంతో సరిపుచ్చలేదు. పని ఇచ్చారు, గౌరవం ఇచ్చారు. కాబట్టి గృహానికి వెళ్ళినవాళ్ళు మేనేజరుతో మాట్లాడి వచ్చేయకుండా, అక్కడ వుండే వారి పక్కన కూర్చోవాలి. ఇక్కడ వుండటం ఇష్టమేనా, ఏం తినాలని వున్నది, ఎవరిని చూడాలని వున్నది అని అడగాలి. మాట రానివారు చూపుతో చెబుతారు. ఆయా దగ్గరికి రాగానే బిడ్డ నవ్వుతున్నాడా, ముడుచుకుంటున్నాడా చూస్తే చాలు.

మేము కోరేది ఇంతే. డబ్బు ఇచ్చే ప్రతి గృహానికీ నెలకొకసారి మన సభ్యులు నలుగురు, అందులో ఇద్దరు స్త్రీలు, చెప్పకుండా వెళ్ళి రావాలి. చూసింది రాసి సర్వసభ్య సమావేశంలో చదవాలి. ఈ తీర్మానాన్ని సభవారు ఆమోదించవలసిందిగా ప్రార్థిస్తూ సెలవు తీసుకుంటున్నాము.