ప్రశ్నపత్రము లేని పరీక్ష

1926లో స్థాపితమై, కట్టమంచి రామలింగారెడ్డి, సర్వేపల్లి రాధాకృష్ణన్ వంటి విద్వాంసుల పాలనయందు పెరిగిన ఈ ఆంధ్ర విశ్వకళాపరిషత్తున మాటాడు భాగ్యమును కలిగించినవారికి కృతజ్ఞుడను.

స్నాతకులారా! వేసవి సెలవులు సమీపించినవి. మీలో పలువురకు ఇవియే తుది సెలవులు; ఇకపై సెలవు అనునది పై అధికారి మంజూరు చేయవలసిన పదార్థము. ఇంతకాలము ప్రశ్నలను ఇతరులు కూర్చిరి, మీరు గడియారము చూచుకొనుచు సమాధానములు వ్రాసితిరి. ప్రశ్నను తానే పుట్టించుకొని, దానికి లోకము సిద్ధముగా నుంచిన సమాధానమును శంకించి, పరీక్షించి, నిలిచినదానిని మాత్రమే గ్రహించు శక్తి యేది కలదో, దానికి ఏ పట్టమును సాక్ష్యము కాజాలదు. దానిని అలవరచుకొనుటకు తొందరలేని ఈ దినములే తగిన కాలము.

అట్టి తీరిక ఏమి చేయగలదో ఈ విశాఖపట్టణములో పెరిగిన ఒక బాలుని చరిత్రమే చెప్పును. చంద్రశేఖర వేంకట రామన్ తండ్రి ఇచ్చటి మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకుడు, కుమారుడు సెయింట్ అలోషియస్ పాఠశాలలో చదివి, పదునొకండవ యేటనే మెట్రిక్యులేషన్ గట్టెక్కెను. ఆ బాలుడు కలకత్తాలో ఆచార్యుడై, 1921లో ఆక్స్‌ఫర్డున జరిగిన విశ్వవిద్యాలయముల మహాసభకు పోయి వచ్చుచు, ఓడపైనుండి మధ్యధరా సముద్రపు నీలిమను చూచెను. అది ఆకాశపు నీలిమకు ప్రతిబింబమే యని నోబెల్ బహుమానము నందిన లార్డ్ రేలీ అదివరకే చెప్పియుండెను. అంతటివాని మాటను పరీక్షించుటకు రామన్ చెంత ఉన్నది ఒక చిన్న నికోల్ పట్టకము. నీటిపై పడి మరలివచ్చు ఆకాశకాంతిని దానితో అడ్డగించి చూడగా నీలిమ తొలగకపోవుటయే కాక మరింత గాఢమయ్యెను. ఓడ బొంబాయి రేవు చేరునప్పటికి ‘నేచర్’ పత్రికకు లేఖ సిద్ధమయ్యెను. ఆ విచారణ పెరిగి పెరిగి 1928లో రామన్ ఫలితమై, 1930లో నోబెల్ బహుమానమును తెచ్చెను.

అయినను రామన్ మాటయు తుదిమాట కాలేదు. ఆయన ఆ నీలిమను ప్రధానముగా అణువులవలని కాంతి పరిక్షేపణమునకు ఆరోపించెను. నీరు ఎఱ్ఱని కాంతిని తనలో ఇముడ్చుకొనుటయే ముఖ్యకారణమని తరువాతివారు తేల్చిరి. రేలీని రామన్ సవరించెను, రామన్‌ను అనంతరులు సవరించిరి. ఇందు ఎవరి కీర్తికిని లోపము రాలేదు.

సముద్రమును వదలి తీరమునకు వత్తము. సాయంకాలము మురీ మిక్చరు పొట్లము చేతబట్టి రామకృష్ణా బీచిలో తిరుగునపుడు, ఇసుక కోసుకొనిపోయిన చోట్లను మీరు చూచియుందురు. సముద్రమునకు కోపము వచ్చినదని ఒకరు, అంతయు తుపానుల పని యని మరియొకరు చెప్పుదురు. చేతిలోని ఫోను ఇంకొక పది కారణములు చెప్పును. ఈ తీరమున కెరటములు ఏడాదిలో అధికభాగము ఇసుకను దక్షిణమునుండి ఉత్తరమునకు నడిపించును. 1933లో తెరువబడిన మన రేవును నిర్మించిన ఇంజనీర్లు ఆ ఇసుకతోనే పోరాడి, ఓడలు వచ్చు దారి పూడకుండుటకై రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా నిలిపిరి. పిమ్మట వెలుపలి రేవునకు పెద్ద గట్లు లేచినవి. దక్షిణమున నిలిచిపోయిన ఇసుక ఉత్తరపు తీరమునకు తనంత తాను చేరదు గనుకనే, డ్రెడ్జర్లతో తోడి దానిని బీచికి పోయవలసి వచ్చుచున్నది. వేలమందికి అన్నము పెట్టు రేవే తీరపు కోతకు కొంత కారణమని యెరుగుట రేవుపై ద్వేషము కాదు. మేలును కీడును ఒకే చూపున చూడగలుగుట.

మనకు ప్రియమైన విషయమునందు ఈ చూపు నిలుచుట మిక్కిలి కష్టము. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అను నినాదముతో 1966లో విద్యార్థులు వీధులకెక్కిరి, పలువురు తుపాకి గుండ్లకు బలియైరి. 1971లో శంకుస్థాపన జరిగి, 1992లో కర్మాగారము జాతికి అంకితమైనది. అందలి వాటాలను విక్రయింప 2021లో కేంద్రము నిశ్చయించినది మొదలు ఇంటింట వాదమే. కర్మాగారపు నష్టములయందు సొంత ఇనుపగనులు లేకపోవుట పాలెంత, అప్పులపై వడ్డీ పాలెంత, నిర్వహణ పాలెంత, బజారు ధరల పాలెంత? అమ్మవలెననువారిని అడుగు ఈ ప్రశ్ననే అమ్మరాదనువారినిగూడ అడుగుడు. త్యాగములతో పుట్టినదానిని నిలుపదలచినవారు ఇతరులకంటె ముందుగా దాని లెక్కలను చదువవలయును.

శంకించువాడు అవిధేయుడను భయము మన యిండ్లలో నేటికిని కలదు. కాని తైత్తిరీయోపనిషత్తున చదువు ముగించి పోవు శిష్యునకు సత్యమును, ధర్మమును, మాతాపితృభక్తిని బోధించిన గురువే, తమ నడవడిలో మంచిదానిని మాత్రమే గైకొని తక్కినదానిని విడువుమని అనుమతించెను. ఆ అనుమతి గురువు మాటలకే కాక మీ మాటలకును వర్తించును. పరుల తప్పులెన్నుటకు మాత్రమే పనికివచ్చు విమర్శ సగము విమర్శ.

కావున ఈ వేసవిలో, మీరు నిశ్చయమని నమ్మిన విషయమునొకదానిని ఎంచుకొనుడు. ఏ సాక్ష్యము దొరికినచో దానిని విడుతురో ముందుగా కాగితముపై వ్రాసికొనుడు. పిమ్మట పుస్తకములను, పనిచేయు చేతులను, ఎదుటిపక్షమువారిని అడిగి వెదకుడు. దొరికిన సమాధానము మీకు రుచింపనిదైనను, దానిని మీవారి నడుమనే నిలిచి చెప్పగల ధైర్యమును, చెప్పునపుడు తొణకని సౌజన్యమును మీకు కలుగుగాక! స్వస్తి.