పిల్లలతో పరదేశ ప్రయాణం – ముందుచూపు, మూడు మజిలీలు
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సంవత్సరం నాకు అప్పగించిన విషయం, కుటుంబ సమేతంగా, పిల్లలను వెంటబెట్టుకుని, ఎవరి గుంపులోనూ చేరకుండా మన ఏర్పాట్లు మనమే చేసుకుని ఉమ్రా యాత్రకు వెళ్ళిరావడం ఎలాగ అన్నది. ఇది విహారయాత్ర మాత్రం కాదు, ఇబాదత్. కానీ ఇబాదత్ సాఫీగా సాగాలంటే టిక్కెట్టు, బస, బువ్వ, నిద్ర – ఇవన్నీ కుదరాలి. అందుకని నేను ఈ రోజు మసాయిల్ కంటే ఏర్పాట్లను గురించే ఎక్కువగా మనవి చేస్తాను. మసాయిల్‌కు మన ఆలిమ్‌లు ఉన్నారు.

మన తాతల కాలంలో హజ్ అంటే రేణిగుంటలో బొంబాయి మెయిలు ఎక్కి, బొంబాయిలో ముసాఫిర్‌ఖానాలో దిగి, ఓడ కోసం ఎదురుచూసి, రోజుల తరబడి సముద్రం మీద సాగిన ప్రయాణం. ఆ ఓడల రాకపోకలు 1995తో ఆగిపోయాయి. ఆ రోజులలో ముసలితనంలో వెళ్ళేవారు, పిల్లలను ఇంట్లో వదిలి వెళ్ళేవారు, అప్పులు తీర్చి, మాట మన్నింపులు అడిగి వెళ్ళేవారు. ఇప్పుడు మదరాసు నుండి గాని, బెంగుళూరు నుండి గాని బయలుదేరితే ఒక రోజులో చేరుకుంటున్నాము. దారి దగ్గరైంది. కానీ తొందరపాటు కూడా పెరిగింది.

పిల్లలను తీసుకుపోవాలా?

"పిల్లోళ్ళు యాల అబ్బా, నానీ దగ్గర వదిలిపెట్టి పోండి, మీకూ నిమ్మళం" అని పెద్దవాళ్ళు అంటారు. వారి మాటలో ప్రేమ ఉన్నది. కానీ మన జిల్లాల పరిస్థితి వేరు. మదనపల్లె, పీలేరు, రాయచోటి, వాయల్పాడు వైపు ఎన్ని ఇళ్ళలో తండ్రి కువైట్‌లో ఉన్నాడో మీకు తెలుసు. రెండేళ్ళకొకసారి వచ్చే తండ్రిని చూసి తలుపు వెనక దాక్కునే పిల్లలు నా తరగతిలోనే ఉన్నారు. ఆ తండ్రి జీతానికి కువైట్ కుటుంబ వీసా దొరకడం కష్టం. 2024 ఫిబ్రవరిలో అక్కడి ప్రభుత్వం కుటుంబ విజిట్ వీసాలు తిరిగి తెరిచినప్పుడు కూడా కనీస జీతం 400 దీనార్లు ఉండాలని షరతు పెట్టింది. డ్రైవరు, ఇంటిపని చేసేవాడు ఆ జీతం ఎక్కడ చూసేవాడు?

అటువంటి ఇంటికి ఒక దారి ఉన్నది. 2023 నుండి గల్ఫ్ దేశాలలో ఇఖామా గల వారికి, చేసే పని ఏదైనా సరే, సౌదీ ప్రభుత్వం ఈ-వీసా ఇస్తున్నది. ఆ వీసా మీద ఉమ్రా చేయవచ్చు. ఇఖామా మూడు నెలలు, పాస్‌పోర్టు ఆరు నెలలు మిగిలి ఉండాలి. అంటే తండ్రి కువైట్ నుండి, తల్లీపిల్లలు ఇక్కడి నుండి బయలుదేరి మదీనా మునవ్వరాలో కలుసుకోవచ్చు. కువైట్‌లో ప్రైవేటు కంపెనీలలో పనిచేసేవారు 2025 జూలై 1 నుండి దేశం దాటాలంటే యజమాని ద్వారా ఎగ్జిట్ పర్మిట్ తీసుకోవలసి ఉంటుంది. సెలవు మంజూరైనంత మాత్రాన చాలదు. ఆ పర్మిట్ సంగతి తేలిన తరువాతే ఇక్కడ టిక్కెట్లు కొనండి.

పిల్లల ఉమ్రా చెల్లుతుందా అని కొందరు అడిగారు. చెల్లుతుంది. పసిపిల్లల తరఫున తల్లిదండ్రులు నియ్యత్ చేస్తారు, సవాబ్ తల్లిదండ్రులకూ ఉన్నది. పెద్దయ్యాక స్తోమత కలిగితే హజ్ ఫర్జ్ వారి మీద ఉండనే ఉంటుంది.

ఎప్పుడు?

మన బడులకు పెద్ద సెలవులు ఎండాకాలంలో. కానీ 2024లో, 2025లో హజ్ జూన్ నెలలో వచ్చింది. హజ్‌కు ముందు కొన్ని వారాలు ఉమ్రా యాత్రికులను అనుమతించరు. 2025లో ఏప్రిల్ 29 లోపల అందరూ వెళ్ళిపోవాలని గడువు పెట్టారు. చాంద్రమాన సంవత్సరం ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది గనుక, రాబోయే కొన్నేళ్ళు మన వేసవి సెలవులకూ ఉమ్రాకూ పొత్తు కుదరడం కష్టం. పైగా ఆ ఎండలు 45 డిగ్రీలకు చేరతాయి. ఐదేళ్ళ పిల్లకు అది తగదు.

సంక్రాంతి సెలవులు మేలు. అప్పుడు అక్కడ చల్లగా, హాయిగా ఉంటుంది, పది రోజులకు సరిపోతుంది. అయితే 2029, 2030 ప్రాంతంలో రమజాన్ కూడా జనవరిలోనే వస్తుంది. అప్పుడు రద్దీ, ఖర్చు రెండూ పెరుగుతాయి. దసరా సెలవులు రెండవ పక్షం. వేడి ఉంటుంది గాని ఓర్చుకోవచ్చు.

మజిలీల వరుస

చాలామంది అందరిలాగే జిద్దాలో దిగి నేరుగా మక్కా వెళ్తారు. పిల్లలున్న వారు ముందు మదీనా వెళ్ళడం సులువు. జిద్దాకు పోయే విమానం ఆకాశంలోనే మీఖాత్ దాటుతుంది. కాబట్టి ఎక్కే ముందే ఇహ్రామ్ కట్టాలి, దిగిన వెంటనే నిద్రలేని పిల్లలతో తవాఫ్, సయీ చేయాలి. నేరుగా మదీనాకు వెళ్ళేవారికి విమానంలో ఇహ్రామ్ అక్కరలేదు. అక్కడ మూడు నాలుగు రోజులు అలసట తీర్చుకుని, మదీనా వారి మీఖాత్ అయిన జుల్ హులైఫా లెక్కన ఇహ్రామ్ కట్టుకుని మక్కాకు బయలుదేరవచ్చు. రైలు జుల్ హులైఫాలో ఆగదు. బసలోనే స్నానం చేసి, ఇహ్రామ్ కట్టి, నియ్యత్ చేసి బయలుదేరితే సరి.

మదీనాలో ఖుబా మసీదు, ఉహుద్ కొండ, మస్జిదె ఖిబ్లతైన్ పిల్లలకు చూపించండి. 1908లో డమాస్కస్ నుండి మదీనా చేరిన హిజాజ్ రైల్వే పాత స్టేషన్ కూడా ఉన్నది. దానిని చూపించి, 2018లో మొదలైన హరమైన్ రైలు ఎక్కించండి. గంటకు 300 కిలోమీటర్ల వేగంతో, మక్కా వరకు సుమారు 450 కిలోమీటర్లు రెండు గంటల పైచిలుకులో చేరుస్తుంది. పుస్తకంలో పది పాఠాలు చెప్పినా రాని చరిత్ర ఆ రెండు స్టేషన్లలో వస్తుంది.

రైలు అనడానికి ఇంకొక కారణం ఉన్నది. 2025 నవంబరు 17న మదీనా దగ్గర హైదరాబాదు యాత్రికుల బస్సు ట్యాంకరును ఢీకొని 40 మందికి పైగా మరణించారు. ఒకే కుటుంబంలో తాత నుండి మనుమల దాకా పోయారు. అల్లాహ్ వారికి మగ్ఫిరత్ ప్రసాదించుగాక. మరణం ఎక్కడైనా రావచ్చు, నిజమే. కానీ ఒంటెను కట్టివేసి తరువాత తవక్కుల్ చేయమని కదా మనకు నేర్పినది. పిల్లలతో ఉన్నవారు రాత్రివేళ దూర ప్రయాణం మానండి. కారు ఎక్కితే బెల్టు పెట్టుకోండి.

మక్కాలో ఐదు రోజులు. ఒక రోజు తాయెఫ్ వెళ్ళి రావచ్చు. మన హార్సిలీ కొండ 4,000 అడుగుల పైచిలుకు, తాయెఫ్ సుమారు 6,000 అడుగులు, చల్లని ఊరు. అక్కడ ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లంపై రాళ్ళు రువ్విన ఉదంతం పిల్లలకు ఆ నేల మీద నిలబెట్టి చెప్పండి. తిరిగివచ్చేటప్పుడు జిద్దాలో ఒక పూట – సముద్రం, పాత పట్నం అల్ బలద్. ఆ పట్నాన్ని 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

కాగితాలు

బడిలో పనిచేసేవాణ్ణి గనుక ఇది గట్టిగా చెబుతున్నాను. మన పిల్లల పేర్లు రిజిస్టరులో ఒక రకం, ఆధార్‌లో ఒక రకం. ఒకచోట షేక్, మరొకచోట షేఖ్. ఒకచోట బీ, మరొకచోట బేగం. ముందు ఇవి సరిచేయించి, అప్పుడు తిరుపతి పాస్‌పోర్టు సేవా కేంద్రానికి వెళ్ళండి. ఇంటిపేరు గడి ఖాళీగా వదలవద్దు. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్నవారికి 2022 నవంబరు నుండి దుబాయి వైపు విజిట్ వీసాకు చిక్కులు వస్తున్నాయి. పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్ళే చెల్లుతుంది. ఆరు నెలల గడువు ఉన్నదో లేదో చూసుకోండి. తండ్రి పరదేశంలో ఉంటే ఆయన సమ్మతి పత్రం ఏ రూపంలో కావాలో ముందే విచారించండి.

మెదడు పొరల వాపు, అంటే మెనింజైటిస్ టీకా, చేరడానికి కనీసం పది రోజుల ముందు వేయించి సర్టిఫికెట్టు దగ్గర పెట్టుకోవాలి. 2022లో సౌదీ ప్రభుత్వం స్త్రీలకు మహ్రమ్ నిబంధన సడలించింది. అయినా తల్లి ఒక్కతే పిల్లలతో బయలుదేరే విషయంలో మీ ఆలిమ్‌ను అడిగి నడచుకోండి. మేనమామ తోడు వస్తే అందరికీ ధైర్యం.

నుసుక్ అనే సర్కారీ యాప్ 2022లో వచ్చింది. రౌజా షరీఫ్‌లో నమాజుకు అందులోనే పర్మిట్ తీసుకోవాలి, మామూలుగా ఏడాదికి ఒకసారే దొరుకుతుంది. 2025 ఆగస్టులో ఏజెంటు లేకుండా నేరుగా ఉమ్రా వీసా, బస తీసుకునే వీలు కూడా అందులో పెట్టారు. మనం తిరుపతి వాసులం. కొండకు వచ్చే భక్తులలో 300 రూపాయల దర్శనం నెలల ముందే బుక్ చేసుకున్నవారు ఎలా వెళ్తారో, ఏమీ చేసుకోక చంటిబిడ్డతో వచ్చినవారు ఎన్ని అగచాట్లు పడతారో రోజూ చూస్తున్నాము. పొరుగువారి యాత్ర చూసి మనం నేర్చుకోవలసిన పాఠం అది. అయితే నియమాలు ప్రతి సీజనుకూ మారుతాయి. పోయిన ఏడాది వెళ్ళి వచ్చినవారి మాట వినండి గాని దాని మీదనే ఆధారపడవద్దు.

టిక్కెట్టు, బస, పైకం

రానూపోనూ ఒకే ఊరికి కాక, మదీనాలో దిగి జిద్దాలో తిరిగి ఎక్కేలా ఒకే టిక్కెట్టు తీసుకోండి. వేరు వేరు టిక్కెట్లు కొంటే మొదటి విమానం ఆలస్యమైనప్పుడు రెండవదాని డబ్బు పోతుంది. ఒకే టిక్కెట్టు అయితే చేర్చే బాధ్యత కంపెనీది. రెండేళ్ళ లోపు బిడ్డకు ఒడిలో చోటు, పన్నెండు నిండితే పెద్దల చార్జీ. పన్నెండో పుట్టినరోజు దగ్గరపడిన పిల్లవాడుంటే తేదీ చూసుకుని వెళ్ళండి.

బస చవకగా దూరంగా తీసుకుంటే నిజంగా చవక కాదు. ఐదు పూటల నమాజుకు పిల్లలను ఎత్తుకుని నడవాలి. సఫా మర్వాల మధ్య ఏడు సార్లు అంటేనే మూడు కిలోమీటర్లకు పైగా నడక. రోజులు రెండు తగ్గించుకోండి, బస దగ్గరగా తీసుకోండి.

సౌదీ రియాల్ 1986 నుండి డాలరుకు 3.75గా నిలిచి ఉన్నది. కనుక మనం చూడవలసినది రూపాయి, డాలరు లెక్క. టిక్కెట్టు, వీసా బస, తిండి ప్రయాణాలు, ఆపద – ఇలా నాలుగు సంచులుగా లెక్క రాసుకోండి. నాలుగవ సంచి ముట్టవద్దు. వడ్డీకి తెచ్చి ఉమ్రాకు పోవద్దు. నఫిల్ కోసం హరామ్ నెత్తిన ఎత్తుకోవడం ఏమి తెలివి? చిట్టీ కట్టండి, రెండేళ్ళు ఆగండి. నగదు ఇచ్చి రశీదు లేకుండా వచ్చేవారికి ఏ ఏజెంటూ జవాబుదారీ కాడు. రశీదు, అందులో హోటలు పేరు, హరమ్‌కు దూరం, తేదీలు – ఇవి లేనిదే పైసా ఇవ్వవద్దు.

పిల్లల పని

పిల్లలను మూటల వలె మోసుకుపోవద్దు. వారికీ పని ఇవ్వండి. నెల ముందు నుండి అట్లాసు తెరిచి దారి గీయించండి. ఒకడు పాస్‌పోర్టులు లెక్కపెట్టాలి, ఒకతె నీళ్ళ సీసాలు చూడాలి. మన ఉర్దూ మీడియం పిల్లలకు ఇక్కడ ఒక గొప్ప ఉన్నది. "ఉర్దూ చదివి ఏం లాభం సార్?" అని అడిగే తండ్రులు అక్కడికి వెళ్తే చూస్తారు, దారిలో అరబీ బోర్డులను అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి దారి చూపేది వారి బిడ్డే.

ప్రతి పిల్ల చేతికి పేరు, తల్లిదండ్రుల ఫోను నంబరు, హోటలు పేరు రాసిన పట్టీ కట్టండి. హరమ్‌లో అడుగుపెట్టగానే ఒక దర్వాజా నంబరు చూపించి, "తప్పిపోతే కదలవద్దు, యూనిఫారం వేసుకున్నవారిని పట్టుకో" అని మూడు సార్లు చెప్పించండి. తవాఫ్ ఇషా తరువాత పై అంతస్తులో చేయించండి. చుట్టు పెద్దదైనా తోపులాట తక్కువ. పిల్ల అలసి ఏడిస్తే ఆపి కూర్చోండి. నీళ్ళు తాగి, విడిచిన చోటు నుండి మళ్ళీ సాగించవచ్చు. ఒక రోజుకు ఒకే ముఖ్యమైన పని, మధ్యాహ్నం నిద్ర – ఈ రెండూ తప్పవద్దు.

సోదరులారా, సోదరీమణులారా! యాత్ర నుండి తెచ్చే ఖర్జూరాలు వారంలో అయిపోతాయి. జమ్‌జమ్ నెలలో అయిపోతుంది. తండ్రి చెయ్యి పట్టుకుని ఏడు చుట్లు తిరిగిన జ్ఞాపకం మాత్రం ఆ బిడ్డకు జీవితాంతం ఉంటుంది. పరదేశంలో చెమటోడ్చే తండ్రికి కూడా మళ్ళీ రెండేళ్ళు పనిచేయడానికి అది బలమవుతుంది.

మన సొసైటీకి చివరగా ఒక విన్నపం. ఫారాలు నింపడం రాని తల్లులకు చదువుకున్న మన యువకులు వారానికి ఒక సాయంత్రం కార్యాలయంలో కూర్చుని ఉచితంగా సాయం చేయాలి. పేర్లు సరిచూడడం, పాస్‌పోర్టు దరఖాస్తు, నుసుక్ నమోదు – ఇంతే పని. ఉర్దూ, తెలుగు రెండూ చదవగల పెద్ద తరగతి విద్యార్థులను నేను వెంట తీసుకువస్తాను.

 అల్లాహ్ మనందరికీ కుటుంబ సమేతంగా ఆ ఇంటి జియారత్ నసీబ్ చేయుగాక. ఆమీన్. ఖుదా హాఫిజ్.