చదవడం వచ్చినా లెక్కకు రాని అమ్మలు



ఉపాధ్యాయుల తరఫున నాలుగు మాటలు చెప్పమన్నారు. మీ స్కాలర్‌షిప్పులు పిల్లలకు ఎంత ఆసరాగా ఉన్నాయో మా తరగతి గదుల్లోనే చూస్తున్నాం. ఈసారి ఆ పిల్లల అమ్మల గురించి మాట్లాడుతాం.

ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టమంటే కొందరు అమ్మలు సిగ్గుపడుతూ వేలిముద్ర వేస్తారు. "మాకు చదువు రాదు టీచర్" అంటారు. అదే అమ్మ రంజాన్ నెలలో ఖురాన్ మొత్తం చదివి ఖతమ్ చేస్తుంది. జబర్, జేర్, పేష్ తప్పకుండా చదివే మనిషికి చదువు రాదని ఎలా అంటాం? అయితే జనగణన వారి లెక్క వేరు. ఏడేళ్లు నిండినవారు ఏదైనా ఒక భాషలో అర్థం తెలిసి చదవగలగాలి, రాయగలగాలి. రెండూ వస్తేనే అక్షరాస్యులు. అరబీ అక్షరాలు మాత్రమే నేర్చుకున్న మన అమ్మలు ఆ లెక్కలోకి రారు.

ఇది మన ఇళ్ల సంగతి మాత్రమే కాదు. ఒకప్పుడు ఏ మతం వారైనా చాలా ఇళ్లలో ఆడపిల్లకు పూజకో ప్రార్థనకో సరిపడా వస్తే చాలనుకున్నారు. 1951లో మన దేశంలో అక్షరాస్యులైన స్త్రీలు వందకు తొమ్మిది మంది కూడా లేరు. 2011 నాటికి 65 మంది అయ్యారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం ఆ సంఖ్య 60కి చేరలేదు.

ఈ దూరం ఊరికే తరగలేదు. బెంగాల్‌లో 1880లో పుట్టిన బేగం రొకేయాకు ఇంట్లో బెంగాలీ, ఇంగ్లీషు నేర్చుకోనివ్వలేదు. రాత్రి అందరూ నిద్రపోయాక అన్నగారు దీపం దగ్గర కూర్చోబెట్టి చెప్పారు. భర్త సఖావత్ హుసేన్ గారు ఆడపిల్లల బడి కోసం 10,000 రూపాయలు కేటాయించారు. ఆయన పోయాక 1909లో భాగల్పూర్‌లో బడి తెరిస్తే అయిదుగురు పిల్లలు వచ్చారు. 1911లో కలకత్తాలో మళ్లీ మొదలుపెడితే ఎనిమిది మంది. డబ్బు ఉంది, పిల్లలు రారు. ఆమె ఇంటింటికీ వెళ్లి తల్లిదండ్రులను ఒప్పించారు. పర్దా పాటించే ఇళ్ల కోసం తెరలు కట్టిన బండి ఏర్పాటు చేశారు. ఆ బడి ఈనాటికీ నడుస్తోంది. అడ్డం ఏమిటో తెలుసుకుని దాన్ని తొలగించడానికి ఖర్చుపెట్టారు కనుకే ఆ దానం నిలిచింది.

పెద్ద వయసులో చదువు ఎక్కదనే మాట కూడా నిజం కాదు. 1991 ఏప్రిల్ 18న కోళికోడ్‌లో కేరళ సంపూర్ణ అక్షరాస్యత సాధించిందని ప్రకటించింది మంత్రి కాదు, మలప్పురం జిల్లా నుంచి వచ్చిన చేలకోడన్ ఆయిషా. వృద్ధాప్యంలో అక్షరాలు దిద్దుకున్న ముస్లిం స్త్రీ ఆమె. దాదాపు అదే కాలంలో మన నెల్లూరు జిల్లాలో రాత్రి బడికి వెళ్లిన ఆడవాళ్లు వాచకంలో 'సీతమ్మ కథ' చదివారు. అది తాగుడు వల్ల చితికిపోయిన ఇంటి కథ, అంటే వాళ్ల ఇంటి కథే. చదివి ఊరుకోలేదు. దూబగుంటలో సారా దుకాణం మూయించారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. తన బతుకుకు పనికొచ్చే మాట అక్షరంలో కనిపిస్తే ఏ వయసులోనైనా చదువు వస్తుంది.

అయితే ఆనాడు పలక పట్టిన వారిలో ఎంతోమంది, తర్వాత చదవడానికి ఏమీ దొరకక అక్షరాలు మరిచిపోయారు. నేర్పడం సగం పనే. చేతిలో పుస్తకం ఉంచడం మిగతా సగం.

అందుకే మీకు మా విన్నపం ఇది. అమ్మల కోసం మహల్లాలో ఒక గది, మధ్యాహ్నం వంట పని అయ్యాక ఒక గంట, చెప్పడానికి ఒక స్త్రీ, ఆ గంటసేపు చంటిపిల్లలను చూసుకోవడానికి ఇంకొకరు. పెద్ద అక్షరాల తెలుగు కథల పుస్తకాలు, ఉర్దూ పుస్తకాలు, ఒక దినపత్రిక. ముందుగా నేర్పవలసింది మందు సీసా మీది మాట, బ్యాంకు పాస్‌బుక్కు, రేషన్ కార్డు, పిల్లల ప్రోగ్రెస్ కార్డు. అరబీ అక్షరం వచ్చిన అమ్మకు ఉర్దూ సగం వచ్చినట్టే. కంటికి, వేలికి ఒక లిపి అలవాటైంది కనుక తెలుగు కూడా భయపెట్టదు.

బడి వేళ అయ్యాక వంతులవారీగా వచ్చి పాఠం చెప్పడానికి మేము సిద్ధంగా ఉన్నాం. జీతం అడగం. గది అద్దె, పుస్తకాలు, పిల్లలను చూసుకునే ఆమెకు ఇచ్చే డబ్బు మాత్రం మీ సదఖా నుంచి రావాలి. స్కాలర్‌షిప్పుల్లో ఒక్క రూపాయి కూడా తగ్గించమనడం లేదు.

మీరు చదివిస్తున్న బిడ్డ ఇంటికి వెళ్లి పుస్తకం తెరిచినప్పుడు, పక్కన కూర్చున్న అమ్మకు ఆ పేజీలో ఉన్నదేమిటో తెలియాలి. ఆ పని ఈ ఏడాదే మొదలు పెడదాం.