తదేయుష్ కోష్చుష్కో: అమెరికా తీర్చుకోని ఋణం

పరాయి దేశంలో పుట్టి మరొక దేశపు స్వాతంత్ర్యం కోసం ఆయుధం పట్టినవారిని స్మరించే సభలు సాధారణంగా వారి సాహసాన్నే కొనియాడుతాయి. తదేయుష్ కోష్చుష్కో విషయంలో మాత్రం సాహసం కంటె ఆయన విద్యను, విద్య కంటె ఆయన రాసి ఇచ్చిన ఒక కాగితాన్ని ఎక్కువ శ్రద్ధతో పరిశీలించవలసి ఉంటుంది.

1746లో అప్పటి పోలండ్-లిథువేనియా రాజ్యంలో, నేటి బెలారస్ ప్రాంతంలో, ఒక చిన్న భూస్వామి ఇంట పుట్టిన కోష్చుష్కో వార్సాలోని సైనిక పాఠశాలలో చదివి, ఆపై పారిస్‌లో చిత్రలేఖనంతో పాటు కోటల నిర్మాణాన్ని అభ్యసించాడు. 1772లో రష్యా, ప్రష్యా, ఆస్ట్రియాలు పోలండ్ భూభాగంలో కొంత పంచుకోగా, చిక్కిపోయిన స్వదేశ సైన్యంలో చోటు దొరకక 1776 ఆగస్టులో ఫిలడెల్ఫియా చేరాడు. బ్రిటన్‌పై తిరగబడిన వలసల సైన్యంలో తుపాకి పట్టగల రైతులు ఉన్నారు గాని, నేల ఎత్తుపల్లాలు చూసి ఎక్కడ గోడ కట్టాలో, ఎక్కడ ఫిరంగి నిలపాలో నిర్ణయించే సైనిక ఇంజనీర్లు చాలా తక్కువ. అందువల్ల ఆ అక్టోబరులోనే ఆయనకు ఇంజనీరు కల్నల్ హోదా లభించింది.

టికొండరోగా కోటకు ఎదురుగా ఉన్న కొండను ముందుగా ఆక్రమించుకోవాలని ఆయన ఇచ్చిన సలహాను పై అధికారులు పెడచెవిని పెట్టారు. 1777 జూలైలో బ్రిటిష్ సేనాని బర్గోయిన్ అదే కొండపైకి ఫిరంగులు ఎక్కించడంతో కోటను విడిచిపోక తప్పలేదు. వెనుదిరిగే సైన్యం వెంట ఉన్న కోష్చుష్కో చెట్లు కూల్పించి, వంతెనలు విరిచి, వాగులకు అడ్డుకట్టలు వేయించి శత్రువు నడకను మందగింపజేశాడు. ఆ తరువాత హడ్సన్ నదికీ కొండలకూ నడుమ దారి ఇరుకైన బెమిస్ హైట్స్ వద్ద రక్షణ స్థావరాలు కట్టించాడు. ఆ గట్టు దాటలేక అక్టోబరు 17న బర్గోయిన్ సరటోగాలో లొంగిపోయాడు. ఫ్రాన్స్ బాహాటంగా యుద్ధంలోకి దిగడానికి ఆ విజయమే దారి తీసింది.

1778 నుంచి రెండేళ్లకు పైగా హడ్సన్ ఒడ్డున వెస్ట్ పాయింట్ కోటలను నిర్మించడం ఆయన చేసిన పనులన్నిటిలోకి పెద్దది. నదికి అడ్డంగా వేసిన ఇనుప గొలుసు కూడా ఆయనదేనని కొందరు రాస్తారు గాని, దానిని అమర్చినవాడు థామస్ మాచిన్. 1780లో అమెరికా సేనాని బెనెడిక్ట్ ఆర్నాల్డ్ బ్రిటిష్‌వారికి అమ్మజూపింది ఈ వెస్ట్ పాయింట్‌నే. ఆపై కోష్చుష్కో దక్షిణ రంగంలో అమెరికా సేనాని గ్రీన్‌కు పడవలు సమకూర్చాడు. నైంటీ సిక్స్ కోట ముట్టడిలో ఆయన తవ్వించిన సొరంగం ఫలించలేదు. 1783లో బ్రెవెట్ బ్రిగేడియర్ జనరల్ పదవి, అంటే గౌరవార్థం పెంచిన హోదా, ఇచ్చి అమెరికా ఆయనను సాగనంపింది.

ఆ యుద్ధంలో ఆయన వెన్నంటి ఉన్న సహాయకుడు అగ్రిప్ప హల్ అనే స్వతంత్ర నల్లజాతీయుడు. ఆ సాహచర్యం కోష్చుష్కో ఆలోచనను ఎంత మార్చిందో కొలవడం కష్టమే అయినా, 1794లో పోలండ్ తిరుగుబాటుకు నాయకుడైనప్పుడు ఆయన కొడవళ్లు పట్టిన రైతులను రాత్స్‌వావిత్సె యుద్ధంలో ముందుకు నడిపించాడు. పొవాన్యెత్స్ ప్రకటన ద్వారా, భూస్వామి పొలానికి కట్టుబడి వెట్టి చేసే భూదాసులకు స్వేచ్ఛనిచ్చి వారి వెట్టిని తగ్గించాడు. పరాయి దేశంలో అడిగిన హక్కునే స్వదేశంలోని పేదకూ వర్తింపజేసిన సైనికులు ఆ తరంలో అరుదు. ఆ ఏడే మాచెయోవిత్సె వద్ద గాయపడి రష్యా సేనకు పట్టుబడ్డాడు. రెండేళ్ల తరువాత రష్యా చక్రవర్తి పావెల్ ఆయనను విడిచిపెట్టాడు.

1797లో మళ్లీ అమెరికా వచ్చిన కోష్చుష్కోకు కాంగ్రెసు బకాయి జీతం చెల్లించింది. 1798లో తిరిగి వెళ్లేముందు ఆయన ఒక వీలునామా రాసి, తన అమెరికా ఆస్తితో నల్లజాతి బానిసలను కొని విడిపించి వారికి చదువు చెప్పించాలని కోరి, ఆ పని మిత్రుడు థామస్ జెఫర్సన్‌కు అప్పగించాడు. జెఫర్సన్ బానిసలను సైతం అందులో పేర్కొనడం గమనించదగినది. మనుషులందరూ సమానులని స్వాతంత్ర్య ప్రకటనలో రాసిన చేతికి, ఆ మాటను ఖర్చు లేకుండా ఆచరించే అవకాశం ఒక విదేశీ సైనికుడి సొమ్ముతో దక్కింది. 1817లో స్విట్జర్లాండ్‌లోని సొలోతుర్న్‌లో కోష్చుష్కో మరణించాక జెఫర్సన్ వయస్సును, చిక్కులను కారణంగా చూపి తప్పుకొన్నాడు. చిక్కులు నిజమే, ఎందుకంటే కోష్చుష్కో తరువాత కూడా వీలునామాలు రాశాడు; అయినా పూనుకొని ప్రయత్నించకపోవడం జెఫర్సన్ చరిత్రలో చెరగని లోపం.

కోష్చుష్కో భౌతిక కాయానికి క్రాకోవ్‌లో పోలండ్ రాజుల సరసన చోటు దక్కింది. వాషింగ్టన్‌లో అధ్యక్ష భవనం ఎదుట లాఫయెట్, రోషాంబో, స్టూబెన్ అనే మరి ముగ్గురు విదేశీ యోధులతో పాటు ఆయన విగ్రహాన్ని కూడా 1910లో నిలిపారు. వీలునామాపై నడిచిన వ్యాజ్యం మాత్రం అంతకు చాలా ముందే ముగిసింది: తరువాతి పత్రం 1798 నాటి దానిని రద్దు చేసిందని 1852లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చడంతో సొమ్ము ఐరోపాలోని బంధువులకు పోయింది, దానితో ఒక్క బానిస కూడా విడుదల కాలేదు.