ఫోను లాక్కుంటే పిల్లలు మాట దాస్తారు

(కవరైపేట్టైలో తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగం)



పళవేర్కాడు, మనవాళ్లు పులికాట్ అంటారే, ఆ ఊరు మన తిరువళ్లూరు జిల్లాలోనే ఉంది. 2018 మే నెలలో అక్కడ ఒక మనిషిని పిల్లల్ని ఎత్తుకుపోయేవాడని అనుమానించి జనం కొట్టి చంపారు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందని వాట్సాప్‌లో పుకారు తిరుగుతున్న రోజులవి. ఆ రోజుల్లోనే తిరువణ్ణామలై జిల్లాలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చిన ఒక పెద్దావిడ ప్రాణం కూడా ఇలాగే పోయింది. ఆ మెసేజ్‌లను ఊరూరా తిప్పింది పెద్దవాళ్లమే. పిల్లల్ని కాపాడుకుంటున్నామనుకునే తిప్పాం.

ఈ సంగతి ఎందుకు ఎత్తామంటే, మన భయం ఇంకా వ్యాన్‌లో వచ్చేవాడి మీదే ఉంది. ఇప్పుడు వచ్చేవాడు ఫోనులో వస్తున్నాడు. తనూ పదో తరగతే అంటాడు. వారాల తరబడి మంచిగా మాట్లాడతాడు, ఒక ఫోటో అడుగుతాడు. అది చేతికి చిక్కాక, డబ్బు పంపు, లేదంటే ఇంకో ఫోటో పంపు, కాదంటే మీ క్లాసువాళ్లందరికీ పంపిస్తా అని బెదిరిస్తాడు. మగపిల్లలకూ ఇదే జరుగుతోంది. పిల్ల ఏ ఫోటో పంపకపోయినా, ప్రొఫైల్‌లో ఉన్న ముఖాన్ని తీసి మార్ఫింగ్ చేసేవాళ్లూ ఉన్నారు.

వాడి చేతిలో ఉన్న అసలు ఆయుధం ఆ ఫోటో కాదు. "నాన్నకు తెలిస్తే చంపేస్తాడు" అనే పిల్ల భయం.

మన ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. పిల్లలు చాటింగ్ చేసేదేమో తమిళ మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టి. గుమ్మిడిపూండి సిప్కాట్‌లో నైట్ షిఫ్టు చేసి వచ్చిన నాన్న ఫోను తెరిచి చూసినా అందులో ఏం అర్థమవుతుంది? పిల్ల నోరు తెరిచి చెబితేనే మనకు తెలుస్తుంది. మనమేమో చెప్పిన పిల్లను కొడతాం, బడి మానిపిస్తాం, ఆడపిల్లయితే సంబంధాలు చూస్తాం. ఒక పిల్లకు అలా జరిగిందని తెలిశాక వీధిలో ఇంకే పిల్లా నోరు విప్పదు. ఫోను లాక్కుని బీరువాలో పెట్టినవాళ్లు మాలోనూ ఉన్నారు. వారం తిరక్కుండా పక్కింటి పిల్ల ఫోనులో అదే అకౌంట్ తెరుచుకుంది!

పిల్ల వచ్చి చెబితే, ముందు "చెప్పావు, మంచి పని చేశావు" అనండి. డబ్బు కట్టవద్దు, ఒకసారి కడితే మళ్లీ అడుగుతాడు. కంగారుపడి చాట్ చెరిపేయవద్దు, స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి రాత్రయినా ఫోను చేయవచ్చు. డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి చెప్పండి. ఫోటో బయటికి వస్తుందని భయముంటే టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ ఉంది. దానికి ఫోటో పంపనక్కర్లేదు, దాని డిజిటల్ గుర్తు మాత్రమే వెళ్తుంది. దాన్ని బట్టి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటివి ఆ ఫోటోను పట్టి తీసేస్తాయి.

పోలీసులంటే బెదిరేవాళ్లకు ఒక మాట. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పిల్లల వాంగ్మూలం తీసుకునే అధికారి యూనిఫాంలో ఉండకూడదు. పిల్లల పేరు, ఫోటో పత్రికల్లో రాకూడదు.

అదే చట్టం మన సంఘాలకూ వర్తిస్తుంది. తప్పు చేసినవాడు సంఘంలోవాడే అయితే పెద్దలు కూర్చుని, ప్రార్థన చేసి, రాజీ కుదిర్చి పంపించేస్తారు. సంఘం పరువు అంటారు. నేరం తెలిసీ పోలీసులకు చెప్పకపోవడం కూడా ఆ చట్టం కింద శిక్షార్హమే. పిల్ల పరువు కంటే సంఘం పరువు ఎప్పుడు పెద్దదైందో మాకు అర్థం కాదు.

ఇంకోటి, వీబీఎస్ ఫోటోలు. పిల్లల పేర్లు, బడి పేరుతో సహా అందరికీ కనిపించేలా ఫేస్‌బుక్‌లో పెడుతున్నది మనమే. ఈ ఏడాది నుంచి మానేద్దాం.

యౌవనస్థులారా, అమ్మానాన్నలకు చెప్పలేనిది చిన్నవాళ్లు ముందు మీకే చెబుతారు. వినండి, నవ్వవద్దు. వాళ్లను ఒంటరిగా వదలకుండా ఇంట్లో చెప్పేటప్పుడు పక్కన నిలబడండి.

ఇన్‌స్టాగ్రామ్ 2025లో మన దేశానికి టీన్ అకౌంట్లు తెచ్చింది. వాటిలో పదహారేళ్ల లోపు పిల్లలు రక్షణ సెట్టింగులు సడలించాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. కానీ అకౌంట్ తెరిచేటప్పుడు నిజమైన పుట్టినతేదీ ఇచ్చి ఉండాలి. మన పిల్లల్లో ఎంతమంది ఇచ్చారో ఇప్పుడే చూద్దాం. ఫోన్లు తీసుకుని ముందుకు రండి. పిల్లల్నీ పక్కన కూర్చోబెట్టుకోండి, సెట్టింగులు ఎక్కడున్నాయో వాళ్లకే కదా తెలుసు.