కుక్కపిల్లకు బీమా తీసుకోవాలా?

ఇంటికి కొత్తగా కుక్కపిల్ల వచ్చిందా? బీమా సంగతి అది ఆరోగ్యంగా ఉన్నప్పుడే తేల్చుకోండి. పాలసీకి ముందే ఉన్న జబ్బుకు సాధారణంగా క్లెయిము రాదు. పాలసీ మొదలయ్యాక కూడా జబ్బులకు కొన్నాళ్ల వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. వయసు మీరిన కుక్కలను చాలా కంపెనీలు తీసుకోవు.

ప్రీమియం ఎంతో చూసే ముందు మినహాయింపుల పేజీ చదవండి. అసలు విషయం అక్కడే ఉంటుంది. లాబ్రడార్లకు, జర్మన్ షెపర్డ్‌లకు తుంటి కీలు అరిగే జబ్బు వంశపారంపర్యంగా రావచ్చు. చాలా పగ్‌లకు ఊపిరి ఇబ్బంది పుట్టుకతోనే ఉంటుంది. ఇలాంటివాటిని పాలసీ వదిలేస్తే, ఆ జాతి కుక్కకు దానివల్ల పెద్దగా ప్రయోజనం లేదు. పిడుదుల వల్ల వచ్చే జ్వరం మన దగ్గర తరచూ కనిపిస్తుంది, దాని గురించీ అడగండి. పార్వో, డిస్టెంపర్ టీకాలు వేయించకపోతే ఆ జబ్బులకు డబ్బు రాకపోవచ్చు. టీకాల కార్డు భద్రంగా దాచండి.

ఆపరేషన్ ఖర్చు ఒక్కసారిగా మీద పడితే తట్టుకోలేని కుటుంబానికి బీమా మంచిదనే నా అభిప్రాయం. తట్టుకోగలిగినవారు నెలనెలా కొంత విడిగా దాచుకున్నా చాలు. రాజేంద్రనగర్, తిరుపతి పశువైద్య కళాశాలల ఆసుపత్రులు అందుబాటులో ఉన్నవారు అక్కడి ఖర్చులూ కనుక్కుని, ఆ తరువాతే సంతకం పెట్టండి.